దేవదాసు తొలి ముఖము
(పోయిన యొక మూకచిత్రమును గూర్చిన పాఠము)



మన బల్కంపేటనుండి అమీరుపేట దాటి ఎల్లారెడ్డిగూడవైపు నడచువారికి సారథి స్టూడియో పేరు క్రొత్తది కాదు. 1959లో వెలువడిన "మా ఇంటి మహాలక్ష్మి" పూర్తిగా హైదరాబాదుననే నిర్మింపబడిన తొలి తెలుగు చిత్రమని చెప్పుదురు. అది యా స్టూడియోలోనే తయారైనది. దీనినిబట్టి మన నగరమున చిత్రనిర్మాణము అప్పుడే మొదలైనదని మీలో పలువురు తలంచుచుందురు. ఆ తలంపు సరికాదు. అంతకు 37 సంవత్సరములకు ముందే, అనగా 1922లో, ధీరేంద్రనాథ గంగూలీ యను వంగదేశీయుడు హైదరాబాదున లోటస్ ఫిలిం కంపెనీని స్థాపించెను.

ఈయన శాంతినికేతనమున చదివినవాడు, చిత్రకళయందు నిపుణుడు. అంతకుముందే మన నగరమున చిత్రకళోపాధ్యాయుడుగా పనిచేసియుండెను. అది ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పాలించుచున్న కాలము. రెండేండ్లలో ఆ కంపెనీ "ఇంద్రజిత్తు", "లేడీ టీచరు", "హరగౌరి", "చింతామణి", "యయాతి" మొదలగు మూకచిత్రములను తీసెను. 1924లో గంగూలీ "రజియా బేగం" అను చిత్రమును ప్రదర్శింపగా నిజాము ప్రభుత్వమున కాగ్రహము కలిగెను. ఆయన నగరమును విడిచిపోవలసి వచ్చెను. కలకత్తా చేరి ఆయన యింకను బహుకాలము చిత్రములు తీసెను, నటించెను. 1975వ సంవత్సరమున దాదాసాహెబు ఫాల్కే పురస్కారమును బొంది 1978లో కీర్తిశేషుడయ్యెను. హైదరాబాదున ఆయన తీసిన చిత్రములలో నేడు మనము తెరపై వేసి చూడదగినది ఒక్కటియు మిగులలేదు.

ఈ సంగతిని తొమ్మిదవ తరగతిలో ప్రసంగవశమున చెప్పినపుడు ఒక బాలిక లేచి, "మాష్టారూ, కథ తెలిసియే యున్నది గదా! బొమ్మ పోయినంత మాత్రమున మనకు వచ్చిన నష్టమేమి?" అని యడిగినది. అది మంచి ప్రశ్న. గంట కొట్టులోపల నేను సరియైన యుత్తరము చెప్పలేకపోతిని. ఆలస్యముగనైనను ఆ యుత్తరమును ఈ వ్యాసరూపమున వ్రాయుచున్నాను.

కథ మన చేతనుండి చిత్రము మాత్రము పోయినచో నష్టమెంతయో తెలియవలెనన్న, తెలుగువారందరు ఎరిగిన యొక కథను తీసికొనుట మేలు. అందుకై గంగూలీతోపాటు మనమును కలకత్తాకు పోవుదము. అక్కడ 1928లో "దేవదాసు" మొదటి పర్యాయము తెర కెక్కెను. నవల నేటికిని పుస్తకముల యంగళ్ళలో దొరకును. ఆ చిత్రము మాత్రము లేదు.

1. పోయినదనగా నేమి?

సాహిత్యము చదువుకొన్న మనకు ఈ మాట వింత కాదు. శ్రీనాథ మహాకవి తాను చిన్ననాట "మరుత్తరాట్చరిత్రము" రచించితి ననియు, నూనూగు మీసముల ప్రాయమున "శాలివాహన సప్తశతి"ని తెనిగించితి ననియు కాశీఖండమున చెప్పుకొన్నాడు. ఆ రెండు గ్రంథములును నేడు మనకు లభించుట లేదు. అవి యుండెనని తెలియును, ఎవరు వ్రాసిరో తెలియును, ఏ వయస్సున వ్రాసిరో తెలియును. చదువుటకు మాత్రము వీలులేదు. గ్రంథము పోయి వార్త మిగిలినది.

దీనికి ప్రతిగా నన్నెచోడుని "కుమారసంభవము"ను జూడుడు. అట్టి కావ్యమొకటి కలదని కొన్ని శతాబ్దములు పండితలోకము మరచియుండెను. మానవల్లి రామకృష్ణకవిగారు తాళపత్రములలో దానిని కనుగొని 1909లో అచ్చు వేయించిరి. ఎవరో యొక లేఖకుడు ఎన్నడో దానికి ప్రతి వ్రాసెను, మరియెవరో యొక గృహస్థు ఆ తాటాకుల కట్టను పారవేయక యుంచెను. అందుచేత అది మనకు దక్కెను.

చలనచిత్రమును ఇట్టిదే. "పోయిన చిత్రము" అనగా దాని నెగటివు గాని, ప్రదర్శనకై తీసిన ప్రింటు గాని ఎచ్చటను ఉన్నట్లు తెలియకుండుట. మన దేశమున 1913 మొదలు 1934 వరకు సుమారు 1,300 మూకచిత్రములు తయారైనవి. వానిలో పూర్తిగానో తునుకలుగానో నేడు మిగిలినవి ముప్పదికి మించవు. నూరు చిత్రములు తీసినచో రెండు మూడు మాత్రము నిలిచినవన్న మాట. 1928 నాటి "దేవదాసు" ఈ మిగిలినవానిలో లేదు.

2. నవల

శరచ్చంద్ర ఛటోపాధ్యాయుడు 1876లో జన్మించి 1938లో మరణించెను. కొన్ని సంవత్సరములు బర్మాదేశమునందలి రంగూనులో గుమాస్తాగా నుండెను. "దేవదాసు"ను యౌవనమున వ్రాసి బహుకాలమునకు, 1917లో, గ్రంథరూపమున ప్రకటించెను. మనకు శరత్తు పొరుగువాడై పోయెను. చక్రపాణిగారు మొదలగువారు ఆయన గ్రంథములను తెనిగింపగా, ఆంధ్రదేశమున ఎందరో అవి మొదట తెలుగుననే పుట్టినవని భ్రమపడిరి.

కథ మీకు తెలిసినదే. జమీందారు కుమారుడు దేవదాసును, పొరుగింటి పార్వతియు చిన్ననాటి చెలికాండ్రు. పెద్దలు వివాహమునకు సమ్మతింపరు. పార్వతి ఒకనాటి రాత్రి లోకాపవాదమునకు వెరవక ఒంటరిగా అతని గదికి వచ్చి తన్ను స్వీకరింపుమని కోరును. అతడు తేల్చి చెప్పలేడు. కలకత్తాకు పోయి అక్కడనుండి నిరాశ కలిగించు నుత్తరమొకటి వ్రాసి పంపును. పంపినపిమ్మట పశ్చాత్తాపపడి పరుగెత్తుకొని వచ్చును. కాని అప్పటికే పార్వతి మనస్సు గట్టిపడినది. చెరువుగట్టున ఇరువురికిని మాటలు పెరిగి, అతడు చేతనున్న గాలపు కఱ్ఱతో ఆమె నుదుట కొట్టును. ఆ మచ్చ ఆమెకు యావజ్జీవము నిలుచును. పార్వతి యొక వృద్ధ జమీందారునకు రెండవ భార్యయై పోవును. దేవదాసు మద్యపానమునకు లోబడును. చంద్రముఖి యను వేశ్య అతని మూలమున తన వృత్తిని విడిచి మారిన మనిషియగును. అతడు మాత్రము మారలేడు. తుదకు చావు సమీపించినపుడు, పార్వతికిచ్చిన మాట జ్ఞప్తికి వచ్చి, రైలు దిగి ఎడ్లబండిలో ఆమె యూరు చేరి, ఆమె యింటి ముందర చెట్టు క్రింద ప్రాణము విడుచును.

త్రాగుబోతు కథ విద్యార్థుల కేల యని కొందరు పెద్దలు నన్నడుగవచ్చును. సావధానముగ చదివినవారికి ఈ కథకు మూలము మద్యము కాదని తెలియును. మద్యము తరువాత వచ్చినది. మూలము ఆలస్యము. పలుకవలసినపుడు పలుకక, పలుకరానపుడు పలికి, రావలసినపుడు రాక, తలుపు మూసిన తరువాత వచ్చుట యను దౌర్బల్యమే దేవదాసును చంపెను. "ఆలస్యం అమృతం విషం" అను మన సామెతకు ఇంతకంటె విషాదకరమైన వ్యాఖ్యానము లేదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. చివరకు మరల దీనితో పని కలదు.

3. 1928 నాటి చిత్రము

కలకత్తాలో ఈస్టర్న్ ఫిలిం సిండికేటు అను సంస్థ పక్షమున నరేశ మిత్ర ఈ చిత్రమునకు దర్శకత్వము వహించెను. ఆయన రంగస్థల నటుడు. 1922లోనే శిశిర కుమార భాదురితో కలిసి శరత్తు రచించిన "ఆంధారే ఆలో" కథను మూకచిత్రముగ తీసిన యనుభవము కలవాడు. "దేవదాసు"లో ఫణి శర్మ నాయకుడుగను, తారకబాల పార్వతిగను నటించిరి. నరేశ మిత్ర తానును ఒక పాత్రమును ధరించెను.

ఆ కాలమున వంగదేశమున నవలలను చిత్రములుగ తీయుట వాడుకయై యుండెను. మదను కంపెనీవారు బంకించంద్రుని "విషవృక్షము"ను 1922లోను, "కపాలకుండల"ను 1929లోను తీసిరి. చదివినవారు తమ యెరిగిన పాత్రములను కన్నులార జూచుటకై వచ్చుచుండిరి. చదువురానివారు తెరపై కథ తెలిసికొనుటకై వచ్చుచుండిరి. మాటలుండవు గాన నడుమనడుమ అక్షరముల పలకలు తెరపై వేసి చూపుచుండిరి. వీనినే టైటిలు కార్డులందురు. వానిని చదువలేనివారికై కొన్ని ప్రదర్శనశాలలలో ఒక మనుష్యుడు తెర ప్రక్కన నిలిచి బిగ్గరగా చదివి కథ చెప్పుచుండెను. హార్మనీయము, తబలా మొదలగు వాద్యములు తోడుగ మ్రోగుచుండెను.

ఇప్పుడు బాలిక ప్రశ్నకు మొదటి యుత్తరము చెప్పెదను. ఆ రాత్రి పార్వతి గదిలోనికి వచ్చిన ఘట్టమును దలంచుకొనుడు. నవలలో నది మాటలచేత నడచును. ఆమె ప్రశ్నించును, అతడు సంకోచించును, ఆమె పట్టుదల, అతని భయము వాక్యముల నడుమ మనకు తెలియును. మాటలేని చిత్రమున అదే ఘట్టమును నటులు కన్నులతో, చేతులతో, నడకతో, నిలుకడతో చెప్పవలెను. సంకోచమును చూపుట మిక్కిలి కష్టమైన నటన. కోపమునకు పిడికిలి కలదు, దుఃఖమునకు కన్నీరు కలదు. ఏమియు నిశ్చయింపలేని మనస్సునకు ఏ యాంగికము కలదు? ఫణి శర్మ దానికొక సమాధానము కనుగొని యుండవలెను, తారకబాలయు నట్లే. ఆ సమాధానము నవలలో లేదు. ఉన్నది ఆ ఫిలిముననే. ఫిలిముతో నదియు పోయెను.

రెండవ యుత్తరము. ఆ చిత్రము తీయునాటికి నవల వెలువడి 11 సంవత్సరములే యైనది. శరచ్చంద్రుడు అప్పటికి జీవించియుండెను. కనుక అది గ్రంథకర్త కాలమువారే ఆ గ్రంథమును ఎట్లర్థము చేసికొనిరో తెలుపు వ్యాఖ్యానము. పార్వతి చీరకట్టు, జమీందారు లోగిలి, దేవదాసు బట్టలు, ఇవన్నియు మనకు చరిత్ర, వారికి నిత్యము చూచు దృశ్యములు. తరువాత తీసినవారు ఎంత శ్రద్ధ వహించినను ఊహించి కట్టవలసినదే.

మూడవ యుత్తరము. ఆనాడు గౌరవ కుటుంబముల స్త్రీలు చిత్రములలో నటించుటకు సమాజ మంగీకరింపలేదు. నటించిన స్త్రీలు నిందను భరించి పనిచేసిరి. వారి జీవితకృషికి సాక్ష్యము తెరమీది బొమ్మయే. బొమ్మ పోగా తారకబాలవంటివారికి ఒక జాబితాలో నొక పేరు మాత్రము మిగిలినది. ఇది కథకు కలిగిన నష్టము కాదు, మనుష్యులకు కలిగిన నష్టము.

4. ఫిలిము ఎట్లు నశించును?

ఇది మన శాస్త్రపాఠమునకు సంబంధించిన భాగము గావున కొంచెము నిదానించి చెప్పెదను.

మూకచిత్రముల నాటి ఫిలిము 35 మిల్లీమీటర్ల వెడల్పు కలది. ఒక అడుగు ఫిలిమునందు 16 బొమ్మలుండును. ఆనాడు కెమేరాను చేతితో త్రిప్పుచుండిరి. క్షణమునకు, అనగా సెకండునకు, 16 బొమ్మల చొప్పున చూపినచో ఒక అడుగు ఒక సెకండున నడచును. వేయి అడుగుల రీలు 1,000 సెకండ్లు, అనగా 16 నిమిషముల 40 సెకండ్లు ఆడును. ఇట్టి రీళ్ళు కొన్ని చేరిన గాని ఒక చిత్రము కాదు.

ఆ ఫిలిము సెల్యులోజు నైట్రేటు అను పదార్థముతో చేయబడినది. ప్రత్తినుండి వచ్చు సెల్యులోజును నత్రికామ్లముతో కలిపి తయారుచేయుదురు. తుపాకిప్రత్తి యను ప్రేలుడు పదార్థమునకు ఇది దగ్గరి చుట్టము. నిప్పంటుకొన్నచో మండుటకు కావలసిన ప్రాణవాయువును అదియే పుట్టించుకొనును. అందుచేత నీళ్ళలో ముంచినను ఆరదు. నిప్పు తగులకున్నను అది చల్లని పొడిచోటున నుండనిచో క్రమముగా చెడును. మొదట బొమ్మ వెలవెలబోవును, పిమ్మట ఫిలిము జిగటయై రీలంతయు ముద్దకట్టును, తుదకు గోధుమవన్నె పొడి మిగులును. మన దేశపు వేసవియు, వానకాలపు తేమయు దీనికి పరమశత్రువులు. నైట్రేటు ఫిలిము వాడుక 1950 ప్రాంతమున నిలిచిపోయి, సులభముగ నంటుకొనని అసిటేటు ఫిలిము దాని స్థానమున వచ్చెను.

ప్రకృతి చేసిన హాని యిది. మనుష్యుడు చేసినది దీనికంటె నెక్కుడు. ఫిలిముపై బొమ్మ నేర్పరచునది వెండి. పాత రీళ్ళను కరగించి వెండి తీయుట యొక వ్యాపారమయ్యెను. 1931 మార్చి 14వ తేదీన "ఆలం ఆరా" విడుదలయై మన దేశమున టాకీయుగమును ప్రారంభించెను. 1932లో తెలుగున "భక్త ప్రహ్లాద" వచ్చెను. మాటలాడు బొమ్మ వచ్చిన తరువాత మూగబొమ్మను చూచువారు లేరు. చూచువారు లేని రీళ్ళకు గది అద్దె దండుగ యని యజమానులు తలంచిరి. వారిని దూషించి లాభము లేదు. అవి చరిత్రయగునని వారికి చెప్పినవారెవరును లేకపోయిరి. "ఆలం ఆరా" సైతము నేడు లభింపదు.

ఇంకొక విచిత్రమును గమనింపుడు. పుస్తకము ఎంత యెక్కువమంది చదివిన అంత యెక్కువగ అచ్చు పడును. మూకచిత్రము ఎంత యెక్కువమంది చూచిన అంత యెక్కువగ అరుగును. ప్రింట్లు కొలదిగ నుండుటచేత, ఊరూరు త్రిప్పగా త్రిప్పగా గీతలుపడి, తెగి, అతుకులు పడి తుదకు పనికిరాకుండ పోవుచుండెను. ఆదరణమే పుస్తకమును బ్రతికించినది, ఆదరణమే ఫిలిమును అరగదీసినది.

5. దక్కిన యొకటి

చెన్నరాజధానిలో నూటికి పైగా మూకచిత్రములు తయారైనవి. మన బందరువాసి రఘుపతి వెంకయ్యగారును, వారి కుమారుడు ప్రకాశును కలిసి 1921లో తీసిన "భీష్మ ప్రతిజ్ఞ" వానిలో నొకటి. అదియును పోయినదే. దక్షిణదేశమున పూర్ణముగ దక్కిన మూకచిత్రముగ చెప్పబడునది "మార్తాండవర్మ". సి. వి. రామన్ పిళ్ళ 1891లో మలయాళమున ప్రకటించిన సుప్రసిద్ధ చారిత్రక నవలకు అది చిత్రరూపము. నాగర్‌కోయిలువాసి సుందరరాజు నిర్మించెను, పి. వి. రావు దర్శకుడు. ఈ రావుగారే 1937లో తమిళమున "దేవదాసు"ను తీసిరి.

"మార్తాండవర్మ" 1933లో తిరువనంతపురమున ప్రదర్శింపబడినది. నవలపై హక్కు కమలాలయ బుక్ డిపో యను ప్రచురణసంస్థది. వారి యనుమతి లేక చిత్రము తీసిరని వ్యాజ్యము నడచి, ప్రదర్శనము ఆగిపోయెను, ప్రింటు ప్రచురణకర్తల వశమయ్యెను. అది వారి గిడ్డంగిలో నాలుగు దశాబ్దము లుండెను. 1974లో పూనాయందలి జాతీయ చలనచిత్ర భాండాగారమువారు దానిని సంపాదించిరి. నవలలోని మాటలు కొన్ని ఆ చిత్రపు టైటిలు కార్డులలో నేటికిని చదువవచ్చును.

ఊరూరు తిరిగి పేరు తెచ్చుకొన్న చిత్రములు నశించినవి. కోర్టుకెక్కి మూలబడిన చిత్రము నిలిచినది. ఇది న్యాయము కాదు, అదృష్టము. చరిత్రను అదృష్టమునకు విడువరాదనుటయే ఈ కథలోని నీతి.

ఆ భాండాగారము 1964లో స్థాపింపబడినది. పి. కె. నాయరుగారు దాని సేవలో తమ జీవితమును ధారపోసి, దేశమంతట తిరిగి రీళ్ళు పోగుచేసిరి. కాని మన మూకచిత్రయుగము ముగిసినది 1934లో. సంరక్షణము ప్రారంభించుటకు 30 ఏండ్లు పట్టెను. దేవదాసువలె మనమును తలుపు మూసిన తరువాత చేరితిమి. భద్రపరచిన తరువాతనైనను ప్రమాదము తప్పదు. 2003 జనవరిలో పూనాయందు అగ్నిప్రమాదము జరిగి ఎన్నో నైట్రేటు ఫిలిములు దగ్ధమైనవి.

6. తరువాతి దేవదాసులు

తొలి చిత్రము పోయినను కథ ఆగలేదు. 1935లో న్యూ థియేటర్సువారు ప్రమథేశ బరువా దర్శకత్వమున వంగభాషలో తీసిరి. బరువాయే అందు దేవదాసు. తరువాత హిందీలో సైగలు ఆ పాత్రమున నటించి పాడెను. ఆ వంగచిత్రము సైతము దాదాపు పోయినంత పని జరిగి, బంగ్లాదేశ భాండాగారమునందలి ప్రతి మూలమున కొంత దక్కినది. 1953 జూను 26వ తేదీన వినోదా సంస్థవారి తెలుగు "దేవదాసు" విడుదలయ్యెను. దానికి వేదాంతం రాఘవయ్య దర్శకుడు. అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, లలిత నటులు. సముద్రాల వ్రాసిన పాటలను ఘంటసాల పాడెను. సంగీతము కూర్చిన సుబ్బరామను విడుదలకు ముందే, 1952లో, చిన్నవయస్సున మరణించెను. ఆయన స్వరములు మాత్రము మీ తాతగారినుండి మీవరకు వచ్చినవి. ఎందుచేత? ఫిలిము నిలిచినది, గ్రామఫోను పలకలు నిలిచినవి, ప్రతులకు ప్రతులు తీసిరి.

తెలుగువారికి దేవదాసు అనగా నాగేశ్వరరావు ముఖము తోచును. ఉత్తరదేశీయులకు సైగలో, దిలీపుకుమారో తోచును. తొలి ముఖమైన ఫణి శర్మ మాత్రము ఎవరికిని తోచడు. అతడు బాగుగ నటింపలేదని కాదు. అతని బొమ్మను ఎవరును దాచలేదు.

7. ముగింపు

బాలిక యడిగిన ప్రశ్నకు ఇంతవరకు చెప్పినది పుస్తకముల జ్ఞానము. నాకు స్వయముగ తెలిసిన యుత్తరమొకటి చెప్పి ముగించెదను.

మా తల్లిగారు చక్కగా పాడెడివారు. ఒకనాటి క్రిస్మసు రాత్రి ఇంటిలో ఆమె పాడిన కీర్తనను మా అన్న క్యాసెట్టులో పట్టెను. ఆమె గతించిన తరువాత ఆ క్యాసెట్టు అటుకమీద నొక పెట్టెలో నున్నదని నాకు తెలియును. తీసి మరియొక ప్రతి చేయింపవలెనని ఏటేట అనుకొంటిని. పరీక్షలని యొక యేడు, ఇంటి మరమ్మతని యొక యేడు వాయిదా వేసితిని. తీరా తీసి చూడగా టేపు బూజుపట్టి చుట్టలు అతుకుకొని పోయియుండెను. బాగుచేయువారివద్దకు కొనిపోతిని. వారు ప్రయత్నించిరి గాని ఫలించలేదు.

ఆ కీర్తన "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" గ్రంథమున నున్నది. చరణములన్నియు నున్నవి, రాగతాళములు సహితము వ్రాసియున్నవి. ప్రతి ఆదివారము నా చేతిలో నుండును. దాని పుటను ఎన్నిసార్లు తెరచినను మా అమ్మ గొంతు వినబడదు. అమ్మా, నీవడిగిన ప్రశ్నకు ఇదియే నా యుత్తరము. కథ కీర్తన వంటిది, చిత్రము గొంతు వంటిది. ఒకటి యుండుటచేత రెండవది యున్నట్లు కాదు.

కనుక విద్యార్థులారా, మీ యిండ్లలో పాత ఛాయాపటములు, ఉత్తరములు, క్యాసెట్టులు, పెండ్లి వీడియో టేపులు ఉన్నచో ఈ సెలవులలోనే దించి చూడుడు. ఛాయాపటముల వెనుక పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. ప్రతులు తీయించి ఒకటి మీవద్దను, ఒకటి బంధువులవద్దను ఉంచుడు. ఫోనులో నున్నది గదా యని నిశ్చింతగ నుండకుడు. ఫోనును ఒక విధమైన రీలే. అన్నిటికంటె ముందు, పెద్దలు జీవించియుండగనే వారిని కూర్చుండబెట్టి మాటలాడించి పట్టుడు. దేవదాసు బండి పార్వతి వాకిలి చేరునప్పటికి ప్రొద్దుపోయినది. మనకింకను ప్రొద్దుపోలేదు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. "గ్రంథము పోయి వార్త మిగిలినది" అను మాటను శ్రీనాథుని కృతులనుండియు, "భీష్మ ప్రతిజ్ఞ" నుండియు ఉదాహరించి వివరింపుడు.
2. సెకండునకు 16 బొమ్మల చొప్పున 6,000 అడుగుల చిత్రము ఎంతసేపు ఆడును? అందు ఎన్ని బొమ్మలుండును?
3. "ఆదరణమే పుస్తకమును బ్రతికించినది, ఆదరణమే ఫిలిమును అరగదీసినది." కారణములు తెలుపుడు.
4. మీరు చదివిన యొక కథనుండి ఒక ఘట్టమును ఎంచి, మాటలు లేకుండ దానిని నటించి చూపవలెనన్న ఏ చేష్టలు కావలెనో పది వాక్యములలో వ్రాయుడు.
5. మీ యింట పోగొట్టుకొనరాని వస్తువొకటి యేది? దానికి ప్రతి కలదా?